ఎనభై మూడు నోళ్లు

రెండో ట్రిప్పులో, పెద్దాసుపత్రి ఇంకా నాలుగు స్టాపులు ఉందనగా, లైబ్రరీ ఆవిడ సీటు వదిలి ముందుకు వచ్చి డ్రైవరు వెనకున్న ఇనుప కడ్డీ పట్టుకుని నిలబడింది. ఆవిడ రోజూ ఇదే బస్సు ఎక్కుతుంది. లైబ్రరీలో పుస్తకాలు ఇచ్చే బల్ల దగ్గర పని చేస్తుందన్న సంగతి తప్ప డ్రైవరమ్మకు ఆమె గురించి ఏమీ తెలియదు. ఎక్కేటప్పుడొక నవ్వు, దిగేటప్పుడొక నవ్వు, అంతవరకే పరిచయం.

"ఒక్క మాట అడగొచ్చా అమ్మా?"

"అడగండి," అంది డ్రైవరమ్మ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"మాత్రలు మానేశాక మీకూ ఇలాగే కళ్లు తిరిగాయా? ఎన్నాళ్లకి సర్దుకుంది?"

"ఏ మాత్రలు?"

"అవేనమ్మా, కిడ్నీకి ఇచ్చేవి, ముఖం ఉబ్బించేవి. నేను మానేసి ఇవాళ్టికి తొమ్మిదో రోజు. మీకు రాస్తే, మొదట్లో కాస్త నీరసంగా ఉంటుంది, భయపడకు అని మీరే చెప్పారు కదా. ఇది కాస్తలా లేదు. పొద్దున్నుంచీ రెండుసార్లు వాంతి అయింది."

డ్రైవరమ్మ లోపలి అద్దం కాస్త వంచి ఆవిడ ముఖం చూసింది. బూరెల్లాంటి బుగ్గలు, వాటి మధ్య ఇరుక్కుపోయిన కళ్లు. ఇన్నాళ్లూ ఆవిడ ఒళ్లే అంత అనుకుంది. ఇప్పుడు పట్టి చూస్తే ఆ ముఖం బాగా తెలిసిందే. రెండేళ్ల కిందట ఎనిమిది నెలల పాటు రోజూ పొద్దున్నే తన అద్దంలో చూసుకున్న ముఖం.

ఎర్రదీపం పడింది. లైబ్రరీ ఆవిడ ఫోను ముందుకు చాపింది.

తెర మీద రెండు ఫోటోలు. ఎడమవైపు ఆసుపత్రి మంచం మీద ఉబ్బిపోయి, కళ్లు కనపడకుండా నవ్వుతున్న డ్రైవరమ్మ. కుడివైపు యూనిఫాం వేసుకుని, బస్సు తలుపు దగ్గర నిటారుగా నిలబడ్డ డ్రైవరమ్మ. మధ్యలో ఒక బాణం గుర్తు, దాని కింద ఒక పొడి డబ్బా. పైన ఖాతా పేరు: ఆరోగ్యం అత్తయ్య. కింద నాలుగు వాక్యాలు. "డాక్టర్లిచ్చిన మాత్రలు నన్ను గుమ్మడికాయను చేశాయి. ఒకరోజు తెగించి అన్నీ చెత్తబుట్టలో పడేశాను. నలభై రోజులు ఈ పొడి తాగాను. ఇప్పుడు నన్ను చూడండి."

"ముక్కూ ముఖం తెలియని మనిషైతే నమ్మేదాన్ని కాదమ్మా," అంది లైబ్రరీ ఆవిడ. "మిమ్మల్ని రోజూ కళ్లారా చూస్తున్నాను కదా."

పచ్చదీపం పడింది. వెనక కార్లు హారన్లు కొట్టాయి. డ్రైవరమ్మ గేరు వేసింది. చేతులు వాటి పని అవి చేశాయి గానీ, అరికాలి మంట నెత్తికెక్కింది. బస్సులో యాభై మంది ఉన్నారు. డ్రైవరు కోపం బ్రేకు మీద చూపిస్తే వెనకున్న ముసలివాళ్ల పళ్లు రాలతాయని శిక్షణలో మొదటిరోజే చెప్పారు. అందుకని ఒక్కొక్క మాటా కూడబలుక్కుని నెమ్మదిగా చెప్పింది.

"వినండి. అది నేను రాయలేదు. ఆ పొడి నేను కంటితో కూడా చూడలేదు. మాత్రలు ఒక్క పూట కూడా మానలేదు. జబ్బు తగ్గాక డాక్టరే కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వచ్చి ఆపారు. ఉన్నట్టుండి మానితే ప్రాణం మీదకొస్తుందని నాకు పదిసార్లు చెప్పారు. మీరు ఈ బస్సు దిగి తిన్నగా ఆసుపత్రికి వెళ్లాలి."

లైబ్రరీ ఆవిడ అయోమయంగా చూసింది. "మరి నాకు జవాబిచ్చింది మీరే కదా," అంది. ఇంకేదో అనబోయింది. కడ్డీ మీంచి చెయ్యి జారింది. నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే కిందికి కుంగిపోయింది.

కండక్టరు ఈ రూట్లో ఇరవై ఏళ్లుగా ఉన్న పెద్దాయన. డ్రైవరమ్మ ఆయన్ని బాబాయ్ అంటుంది. ఆయన టిక్కెట్ల సంచీ వెనక్కి తోసుకుని పరుగున వచ్చి ఆవిడ తల ఒళ్లో పెట్టుకున్నాడు. డ్రైవరమ్మ మిగిలిన స్టాపులు ఆపకుండా దాటించి, బస్సుని ఆసుపత్రి గేటు లోపలికే తీసుకుపోయింది. అది రూలు కాదు. వెనక ఎవరో గొణిగారు. కండక్టరు తిరిగి ఒక్క చూపు చూసేసరికి గొణుగుడు ఆగిపోయింది.

*

ఆ రెండు ఫోటోలూ ఒక్కడి దగ్గరే ఉన్నాయి.

మొదటిది తీసినప్పుడు డ్రైవరమ్మ ఆసుపత్రిలో చేరి మూడో వారం. నర్సు అద్దం ఇస్తే చూసుకుని ఏడ్చింది. అప్పుడు తమ్ముడు మంచం పక్కన కూర్చుని, గాలి పీల్చి బుగ్గలు రెండూ బంతుల్లా పూరించి, "ఇప్పుడు చూడవే, మనిద్దరం కవలపిల్లల్లా లేమూ," అన్నాడు. ఏడుపులోనే నవ్వొచ్చింది. వాడు ఫోను పైకెత్తి ఇద్దర్నీ కలిపి తీశాడు. ఆ నవ్వు వాడి కోసం నవ్వింది. ఆరోగ్యం అత్తయ్య ఫోటోలో వాడి సగం కత్తిరించేసి ఉంది. అంచున వాడి చెవి కొస ఇంకా కనిపిస్తోంది.

రెండోది మళ్లీ డ్యూటీలో చేరిన రోజు తీసింది. వాడే వచ్చి తీశాడు.

తల్లికి వీడంటే ప్రాణం. అక్క జబ్బుపడ్డ ఏడాది ఇల్లు వీడి జీతం మీదే నడిచింది, ఆ మాట అబద్ధం కాదు. వీడేదో ప్రచారాల ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుంటాడని, సోషల్ మీడియాలో కంపెనీల ఖాతాలు చూసుకుంటాడని ఇంట్లో తెలుసు. ఒకసారి అన్నం తింటూ చెప్పాడు కూడా. "అమ్మా, మా సాఫ్ట్‌వేర్ ఒకటుంది. ఒక్కణ్ణే కూర్చుని ఊరంతా మాట్లాడించొచ్చు." తల్లి మురిసిపోయింది. అక్క కూడా మురిసింది. అప్పుడు ఆ మాటకి అర్థం అడగాలని ఎవరికీ తోచలేదు.

మధ్యాహ్నం డ్యూటీ దిగాక కండక్టరు ఆసుపత్రికి ఫోన్ చేసి కనుక్కున్నాడు. "బీపీ పూర్తిగా పడిపోయిందట అమ్మాయ్. ఇంకో రెండ్రోజులు ఇలాగే ఉంటే మనిషి దక్కేది కాదన్నారు. ఐసీయూలో పెట్టారు. వాళ్లాయన వచ్చాడట." ఆగి, "ఆయన నీ పేరే చెప్పి తిడుతున్నాడట," అన్నాడు.

డ్రైవరమ్మ యూనిఫాం కూడా మార్చుకోలేదు. అలాగే నడిచి వెళ్లింది.

*

టైర్లు అమ్మే దుకాణం పైన, రెండో అంతస్తులో ఉంది ఆఫీసు. మెట్ల మీద కూడా రబ్బరు వాసన. తలుపు తోస్తే ఒకే గది, నాలుగు బల్లలు. భోజనాల వేళ కావడంతో మూడు బల్లలు ఖాళీ. కిటికీ పక్కన తమ్ముడొక్కడే ఉన్నాడు, ముందు రెండు తెరలు పెట్టుకుని, చెవుల్లో పాటలు పెట్టుకుని.

భుజం మీద చెయ్యి పడేసరికి ఉలిక్కిపడ్డాడు. "అక్కా, నువ్వేంటి ఇక్కడ?"

"ఆరోగ్యం అత్తయ్యని చూద్దామని వచ్చా. ఉందా?"

వాడి ముఖంలో రంగు మారింది. "అది... నీకు ఎవరు చూపించారు?"

"చూపించిన మనిషి ఐసీయూలో ఉంది. ముందు ఇది చూపించు. అన్నీ చూపించు. మొన్న అమ్మకి చెప్పావే, ఊరంతా మాట్లాడిస్తానని. ఎలా మాట్లాడిస్తావో చూస్తా."

వాడు చూపించాడు. చూపించక తప్పని చూపది. తెర ఎడమ పక్కన పైనుంచి కిందికి పేర్ల వరస, ప్రతి పేరు పక్కనా ఒక గుండ్రటి ముఖం. ఆరోగ్యం అత్తయ్య. నవ్వుల పిన్ని. సలహాల వదిన. చక్కటి చెల్లాయి. బంగారు బామ్మ. కిందికి తోస్తూనే ఉన్నాడు, వరస అయిపోలేదు. మొత్తం ఎనభై మూడు. మధ్యలో క్యాలెండరు, రోజుకొక గడి, ఒక్కో గడిలో ఎప్పుడెప్పుడు ఎవరి నోట ఏం రావాలో ముందే రాసి పెట్టిన చీటీలు. వచ్చే నెలాఖరు దాకా నిండిపోయి ఉంది. పొద్దున ఏడింటికి అత్తయ్య పొడి తాగుతుంది. ఏడుంబావుకి పిన్ని వచ్చి, నిజమే అత్తా, నేనూ తాగుతున్నా అంటుంది. తొమ్మిదింటికి వదినకు అనుమానం వస్తుంది. తొమ్మిదిన్నరకి బామ్మ ఆ అనుమానం తీరుస్తుంది.

"వీళ్లంతా ఎవరు?"

"ఎవరూ కాదక్కా. అన్నీ నేనే."

"ఇంతమంది అత్తల్నీ పిన్నుల్నీ పుట్టించావు. వరస తప్పకుండా అందరినీ పిలిచావు. ఉన్న ఒక్క అక్క మాత్రం గుర్తుకు రాలేదా నీకు?"

"గుర్తొచ్చింది కాబట్టే పెట్టా," అన్నాడు వాడు, కాస్త ధైర్యం తెచ్చుకుని. "వేరేవాళ్ల ఫోటోలు దొంగతనంగా వాడితే కేసులవుతాయి. నువ్వైతే ఇంటిమనిషివి. పైగా రెండూ నిజం ఫోటోలే. ఆ పోస్టుకి వచ్చినంత స్పందన ఇంకే పోస్టుకీ రాలేదు. సార్ కూడా మెచ్చుకున్నారు. నీకు చెబుదామనే అనుకున్నా."

"ఎప్పుడు? నేను చచ్చాకా, ఆవిడ చచ్చాకా?"

వాడు తెర వైపు తిరిగాడు.

"ఆవిడకి జవాబు రాసిందెవరు? ముందు కాస్త నీరసంగా ఉంటుంది, భయపడకు అని?"

"ఏ ఆవిడ?"

డ్రైవరమ్మ వెతకమంది. వాడు కుడి పక్కన కామెంట్లు వచ్చిపడే చోట వెతికాడు. పది రోజుల కిందటిది దొరికింది. లైబ్రరీ ఆవిడ చాలా పొడుగ్గా రాసింది. తన జబ్బు పేరు, ఎన్ని మాత్రలు వేసుకుంటోందో, ముఖం చూసి లైబ్రరీకి వచ్చే పిల్లలు ఏమంటున్నారో, అన్నీ విడమరిచి రాసి, చివర "మీరు రోజూ నడిపే బస్సులోనే వస్తాను, ఎదురుగా అడగడానికి మొహమాటంగా ఉంది, నేనూ మానేయవచ్చా అమ్మా?" అని అడిగింది. దాని కింద, అదే నిమిషంలో, జవాబు. "అవును చెల్లీ, నేనైతే మాత్రలు చెత్తబుట్టలోనే పడేశాను. మొదట్లో కాస్త నీరసంగా ఉంటుంది, భయపడకు." పక్కన ఒక పువ్వు బొమ్మ.

"ఇది నేను ఇచ్చింది కాదు," అన్నాడు తమ్ముడు గబగబా. "దానంతటదే ఇస్తుందక్కా. మాత్రలు, మానడం అనే మాటలు కనపడితే అదే జవాబు పంపిస్తుంది."

"మాటలు ఎవరివి?"

"అంటే... ఐదు జవాబులు రాసి పెట్టుకుంటాం. అందులోంచి అదే ఒకటి..."

"ఆ ఐదూ ఎవరు రాశారు?"

"నేనే."

"ఆవిడ ఇంత రాస్తే నువ్వు చదివావా?"

"రోజుకి వందలొస్తాయక్కా. ఎవరు చదువుతారు?"

డ్రైవరమ్మకు చెయ్యి లేచింది. చిన్నప్పుడు వీడు మేడ మీంచి పిల్లిని కిందికి విసిరినప్పుడు ఒకసారి కొట్టింది, మళ్లీ ఇన్నేళ్లలో కొట్టలేదు. ఇప్పుడూ కొట్టలేదు. కొడితే వీడికి తేలికైపోతుందని తోచింది. రెండు ఏడుపులు ఏడ్చి, కాళ్లు పట్టుకుని, లెక్క సరిపోయిందనుకుంటాడు.

"తీసెయ్," అంది. "నా ముఖం ఉన్నవన్నీ తీసెయ్. ఆ ఐదు జవాబులూ తీసెయ్. ఇప్పుడే."

"సార్‌ని అడగకుండా..."

"దేనికి అడగాలి?" అంటూ సార్ లోపలికి వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, మెత్తటి గొంతు. యూనిఫాం చూసి మొదట పోలీసనుకుని తడబడ్డాడు, ముఖం చూశాక గుర్తుపట్టి విచ్చుకున్నాడు. "మీరా అమ్మా? కూర్చోండి. మిమ్మల్ని కలవాలని నేనే అనుకుంటున్నా. మీ ముఖానికి ఎంత విలువుందో మీకే తెలియదు. కూర్చుని మాట్లాడుకుంటే మీకూ ఏదో ఒకటి ముట్టజెప్పేలా కాగితం రాసుకుందాం. ఇద్దరికీ మంచిది."

"ఒక మనిషి ఐసీయూలో ఉంది సార్."

"అయ్యో. బాధగానే ఉందమ్మా." ఆయన నిజంగానే బాధపడ్డట్టు తల పంకించాడు. "కానీ డాక్టర్ని అడక్కుండా మందులు మానేస్తే ఆ బాధ్యత ఎవరిది చెప్పండి? కింద చిన్న అక్షరాల్లో మనం వేశాం కదా, వైద్యుల సలహా తీసుకోండి అని."

"చిన్న అక్షరాల్లో డాక్టర్ని అడగమంటారు. పెద్ద అక్షరాల్లో చెత్తబుట్టలో పడేయమంటారు. అంతేనా?"

"మీరు ఆవేశంలో ఉన్నారు. ఇంటికి వెళ్లి చల్లబడండి. రేపు మాట్లాడదాం." ఆయన తమ్ముడి వైపు తిరిగాడు. "మీ అక్కగారిని కింద దాకా దిగబెట్టి రా."

తమ్ముడు లేచాడు. నిజంగానే దిగబెట్టడానికి లేచాడు. "పద అక్కా. నేను సార్‌తో మాట్లాడి..."

వాడు లేచిన కుర్చీలో డ్రైవరమ్మ కూర్చుంది.

పొద్దున్నుంచీ ఒంట్లో రగులుతున్నది ఎందుకో ఒక్కసారిగా చల్లబడి గట్టిపడింది. అరగంట సేపు వాడు మీటలు నొక్కుతుంటే చూస్తూనే ఉంది. ముప్ఫై ఆరు అడుగుల బస్సుని సందుల్లో తిప్పే మనిషికి ఒక బాణం గుర్తుని గడిలోకి నడిపించడం ఎంత పని? పేర్ల వరస పైన "అందరూ" అనే గడి ఉంది. దాని మీద నొక్కింది. ఎనభై మూడు పేర్ల పక్కనా ఎనభై మూడు టిక్కులు పడ్డాయి.

"ఏం చేస్తున్నారు?" అన్నాడు సార్.

ఆమె రెండు వేళ్లతో టైపు చేయడం మొదలుపెట్టింది. నెమ్మదిగా, అక్షరం వెతుక్కుంటూ.

"ఆరోగ్యం అత్తయ్య ఫోటోలో ఉన్నది నేను. బస్సు డ్రైవర్ని. నేను ఏ పొడీ తాగలేదు. డాక్టరిచ్చిన మాత్రలతోనే బతికాను. ఇది నమ్మి మాత్రలు మానేసిన మనిషి ఇవాళ చావు దాకా వెళ్లింది. మీరు మానకండి. మానేసి ఉంటే ఇప్పుడే ఆసుపత్రికి వెళ్లండి. ఈ అత్తయ్య, పిన్ని, వదిన ఎవరూ లేరు. అన్నీ ఒకే గదిలోంచి ఒక్కడే నడుపుతున్నాడు."

సార్ వెనక నుంచి చదివాడు. మెత్తటి గొంతు పోయింది. "లేవమ్మా అక్కణ్ణుంచి. ఒకే మాట అన్ని ఖాతాల్లోంచి ఒకేసారి వెళ్తే సోషల్ మీడియా కంపెనీవాళ్లు పసిగట్టి మొత్తం మూసేస్తారు. మూడేళ్ల కష్టం. ఒరేయ్, చూస్తావేం, లేపు." ఆయన మీటలబోర్డు వైపు చెయ్యి చాచాడు. డ్రైవరమ్మ ఆ చేతిని మోచేత్తో అడ్డుకుంది.

తమ్ముడు గోడకి ఆనుకుని కుక్కిన పేనులా నిలబడి ఉన్నాడు.

డ్రైవరమ్మ కింద నీలంగా ఉన్న గడి మీదకి బాణం తీసుకెళ్లింది.

"అది కాదక్కా."

గొంతు ఎంత సన్నగా వచ్చిందంటే, సార్ కూడా ఎవరు మాట్లాడారా అని చూశాడు.

"అది షెడ్యూలుకి," అన్నాడు తమ్ముడు, నేల వంక చూస్తూ. "అది నొక్కితే రేపెప్పుడో వెళ్తుంది, ఈలోగా సార్ తీసేస్తారు. ఇప్పుడే వెళ్లాలంటే పక్కది. ఆకుపచ్చది."

ఆమె ఆకుపచ్చది నొక్కింది.

పేర్ల పక్కన ఒక్కొక్కటిగా పచ్చచుక్కలు వెలగడం మొదలైంది. ఆరోగ్యం అత్తయ్య. నవ్వుల పిన్ని. సలహాల వదిన. సార్ బల్ల కిందికి దూరి తీగ పీకేదాకా వెలుగుతూనే ఉన్నాయి. రెండు తెరలూ నల్లబడ్డాయి. ఆయన మోకాళ్ల మీద దుమ్ముతో లేచి తమ్ముడి వైపు తిరిగాడు. "రేపట్నుంచి రాకు. పోలీసులకి చెబుతా. ఇంకెక్కడా నీకు పని దొరక్కుండా చేస్తా."

అరవై ఒక్క ఖాతాల్లోంచి వెళ్లిందని తమ్ముడు తర్వాత చెప్పాడు. సాయంత్రానికి వాటిలో చాలా భాగం మూతపడ్డాయి. ఆ మూడు నాలుగు గంటల్లో ఎంతమంది చూశారో, చూసినవాళ్లలో ఎంతమంది మళ్లీ మాత్రలు వేసుకున్నారో ఎవరికీ తెలియదు.

*

ఇంట్లో తల్లి రాత్రి వంట చేయలేదు. పొయ్యి వైపు తిరిగి కూర్చుని, కూతురు వినేలా గోడతో మాట్లాడింది. "నువ్వు మంచాన పడితే నిన్ను మోసింది వాడు. వాడి నోటి కాడ కూడు లాగేశావు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఇదే."

"మోసినప్పుడు తీసిన ఫోటోనే అమ్మా వాడు అమ్ముకుంది."

"ఒక ఫోటో. దానికింత రాద్ధాంతమా? ఇంట్లో కూర్చుని మెల్లగా చెబితే వినడా?"

"ఆవిడ చచ్చిపోతే మెల్లగా ఏం చెప్పేదాన్ని?"

"ఆవిడెవరో మనకేమవుతుంది," అంది తల్లి. ఆ మాట విని డ్రైవరమ్మకు ఆఫీసులో వచ్చినంత కోపం మళ్లీ వచ్చింది. ఈసారి ఎవరి మీద చూపించాలో తెలియక, తనే లేచి బియ్యం కడిగింది.

తమ్ముడు గది తలుపు వేసుకుని ఉన్నాడు. ఆమె తలుపు కొట్టి, తీయమనకుండానే చెప్పింది. "రేపు పొద్దున ఎనిమిదింటికి ఆసుపత్రికి వస్తున్నావు. సెలవు పెట్టాను."

*

లైబ్రరీ ఆవిడని ఆ పొద్దునే వార్డులోకి మార్చారు. గుమ్మంలో ఆవిడ భర్త ఎదురొచ్చాడు. స్కూల్లో డ్రిల్లు మాస్టారు, గొంతు కూడా మైదానానికి సరిపడా ఉంది. "నువ్వేనా ఆ డ్రైవరువి? నీ ముఖం చూసి నా భార్య విషం తాగింది. ఎంత ముట్టింది నీకు? బస్సు నడిపితే చాలడం లేదా?"

వరండాలో వాళ్లంతా తిరిగి చూశారు. డ్రైవరమ్మ ఆ మాటలన్నీ పడింది. తనకి ముట్టిందేమీ లేదని చెప్పొచ్చు, కానీ ముందుగా ఆ మాట అనాల్సింది తను కాదు. పక్కకి తప్పుకుంది. వెనక తమ్ముడు కనిపించాడు.

"ఎనభై మూడు నోళ్లతో మాట్లాడావు కదా," అంది వాడితో. "ఇప్పుడు నీ నోటితో చెప్పు."

వాడు మంచం దాకా నడవడానికి చాలా సేపు పట్టింది. లైబ్రరీ ఆవిడ చేతికి సెలైను ఉంది, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. వాడు మంచం కడ్డీ పట్టుకుని చెప్పాడు. ఫోటో అక్కని అడక్కుండా తీసుకున్నానని, ఆ రాతలన్నీ తనవేనని, అక్కకి నిన్నటిదాకా తెలియదని. క్షమించమన్నాడు. డ్రిల్లు మాస్టారు ఒక అడుగు ముందుకేశాడు. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"నాకొచ్చిన జవాబు నువ్వు రాసిందేనా?"

"నేను రాసిపెట్టుకున్నదే అండీ. పంపింది మాత్రం..."

డ్రైవరమ్మ దగ్గింది.

"నేనేనండీ," అన్నాడు వాడు.

"రెండు రోజులు ఆలోచించి రాశాను ఆ ప్రశ్న," అంది ఆవిడ. గొంతులో బలం లేదు, అయినా ఒక్కో మాటా తెలుస్తోంది. "అంత తొందరగా జవాబు వస్తే, నా కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారేమో అనుకున్నా. ఇప్పుడైనా చదివావా?"

"చదివానండీ. నిన్న."

ఆవిడ ముఖం గోడ వైపు తిప్పుకుంది. ఇద్దరూ బయటికి వచ్చారు. మెట్ల దగ్గర తమ్ముడు కూలబడి మోకాళ్లలో తల దూర్చి ఏడ్చాడు. డ్రైవరమ్మ పక్కన నిలబడింది గానీ వాడి తల మీద చెయ్యి వేయలేదు. వేయాలనిపించింది, వేయలేదు.

ఏడుపు ఆగాక, "ఆ పేర్లన్నీ గుర్తున్నాయా?" అని అడిగింది.

"ఉన్నాయి."

"పొడి కంపెనీ వాళ్లు మీ సార్‌కి పంపిన మెయిళ్లు?"

"నా ఫోనులో ఉన్నాయి."

"లే అయితే."

ఆరోగ్యశాఖ ఆఫీసులో గుమాస్తా మొదట ఇది తమ పరిధి కాదన్నాడు. ఆ తర్వాత వేరే కాగితం మీద రాసుకు రమ్మన్నాడు. నాలుగోసారి వెళ్లినప్పుడు, యూనిఫాం వేసుకుని ముగ్గురు డ్రైవర్లు, కండక్టరు కలిసి వెళ్తే, ఫిర్యాదు తీసుకుని ముద్ర వేశాడు. ఫిర్యాదు కింద తమ్ముడు సంతకం చేశాడు, ఆ రాతలు రాసింది నేనే అన్న వాక్యం కిందే చేశాడు. రెండు నెలలకి ఆ పొడి డబ్బాలు అమ్మడం ఆపించారు. ఇంకో నెలకి అదే పొడి వేరే రంగు డబ్బాలో వచ్చిందని విన్నారు. తమ్ముడు ఆ డబ్బా ఫోటో కూడా తీసుకెళ్లి ఇచ్చి వచ్చాడు. దాని సంగతి ఇంకా తేలలేదు.

సార్ కూడా ఊరుకోలేదు. డిపోకి ఉత్తరం రాశాడు, డ్రైవరు యూనిఫాంలో వచ్చి ఆఫీసులో దౌర్జన్యం చేసిందని. మేనేజరు సంజాయిషీ అడిగాడు. ఆమె రెండు పేజీలు రాసిచ్చింది. ఆసుపత్రి గేటులోకి బస్సు తీసుకెళ్లినందుకు ఒకటి, దీనికి ఒకటి, రెండు హెచ్చరికలు ఆమె ఫైల్లో చేరాయి. తమ్ముడికి మూడు నెలలు పని దొరకలేదు. చివరికి ఒక గోడౌనులో సరుకు దించుకునే చోట, వచ్చినవి పోయినవి కంప్యూటరులో ఎక్కించే పని దొరికింది. అక్కాతమ్ముళ్లు ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే కుండలో అన్నం తింటారు. అవసరమైనంత వరకే మాట్లాడుకుంటారు. తల్లి మధ్యలో కూర్చుని ఒకరి మాటలు ఇంకొకరికి చేరవేస్తుంటుంది, ఎదురుగా ఉన్నా సరే.

లైబ్రరీ ఆవిడ కోలుకుంది. డాక్టరు మళ్లీ మాత్రలు మొదలుపెట్టి, మెల్లగా తగ్గిస్తున్నారట. ఈ సంగతులు కండక్టరు చెబితేనే తెలుస్తాయి, ఎందుకంటే ఆవిడ ఇప్పుడు ఈ బస్సు ఎక్కడం లేదు. పొద్దున ఆ స్టాపులో ఆవిడ నిలబడే ఉంటుంది. డ్రైవరమ్మ బస్సు ఆపి తలుపు తీస్తుంది. ఆవిడ చేతిగడియారం చూసుకుంటుంది, లేదా సంచీలో ఏదో వెతుక్కుంటుంది. పది నిమిషాల తర్వాత వచ్చే బస్సులో వెళ్తుందట.

"ఇంకా కోపమేమిటమ్మాయ్?" అన్నాడు కండక్టరు ఒకరోజు. "నీ తప్పేముంది అందులో?"

"నమ్మింది నా ముఖాన్నే కదా బాబాయ్," అంది డ్రైవరమ్మ. "నేనైనా ఎక్కను."

ఎక్కేవాళ్లు అయిపోయారని ఆయన గంట కొట్టాడు. ఆమె తలుపు వేసి బండి కదిలించింది.